లేజరుకు పనికిరాని కండ్లు

మా తమ్ముడు చష్మా తీసి పక్కకు పెడితే వాకిట్ల నిలబడ్డది నేనా, అవ్వనా అన్నది గూడ గుర్తుపట్టకపోతుండె. మా తల్లిని మేము అవ్వ అంటం. అవ్వది నాది ఒక్కతీరు చీరకట్టు, ఒక్కతీరు నడక. మాట వినబడ్డంకనే వాడు "అక్కా" అంటుండె. ఒకసారి నవ్వులాటకు నేను నోరు తెరవకుండ వాని ఎదురుంగ పోయి కూసున్న. "అవ్వా, అక్క ఎటు పోయింది? జర చాయ్ పెట్టమను" అన్నడు. ఇంట్ల అందరం నవ్వినం. వాడు గూడ నవ్విండు గాని, చష్మా కోసం చాప మీద చేత్తోని తడుముకుంట నవ్విండు. ఆ నవ్వులాట నేను మళ్ల చెయ్యలే.

మాది సోలాపూర్ల భవానీపేట. తాతల కాలంల కరీంనగర్ దిక్కు నుంచి నేసుకొని బతకనీకి వచ్చినోళ్లం. ఇంట్ల ఆడోళ్లం బీడీలు చుడుతం, మొగోళ్లు సాంచల కార్ఖానకు పోతరు. సాంచలంటే కరెంటు మగ్గాలు, దుప్పట్లు, తువ్వాలలు నేసేటియి. నేను చదివింది నాలుగో తరగతి, అది గూడ మరాఠీ బడిల. తెలుగు అక్షరాలు మా నాయిన చెక్క పలక మీద దిద్దించిండు. పెండ్లయినంక గూడ అదే గల్లీల నాలుగిండ్ల అవతల ఉన్న. అందుకే పుట్టింట్ల ఏం జరిగినా నాకు చెప్పి పంపే పని లేకుండె, దగ్గినా వినబడుతుండె.

నాయిన బతుకంత సాంచల మీదనే పోయింది. యాభై నిండకముందే చెవులు పోయినయి. తమ్ముడు పదహారేండ్లకు అదే కార్ఖానల నిలబడ్డడు. "నాయిన చెవులు తిన్నది, ఇప్పుడు నా కండ్లు తింటది, దీనికి కడుపు ఎంత పెద్దదో" అంటుండె సాంచను. వాని చష్మా అద్దాల మీద గంటకోసారి దూది నూగు పేరుకుంటుండె. తుడిస్తె చెమట అంటుతుండె, చెమట తుడిస్తె నూగు అంటుతుండె. పోగు తెగితే ఒక్క చేత్తోని చష్మా పట్టుకొని ఇంకో చేత్తోని అతుకుతుండె.

వానికి అండ్లకెల్లి బయట పడాలె. సాంచ కాకుండ వచ్చిన పని ఒక్కటే, బండి నడుపుడు. నూలు మూటలు తెచ్చే టెంపో డ్రైవరు ఎంట సెలవు రోజులల్ల తిరిగి తిరిగి నేర్చుకున్నడు. పెద్ద బండి లైసెన్సు గూడ తీసిండు. సర్కారు ఎర్ర బస్సులకు డ్రైవర్ల భర్తీ ఉన్నదని తెలిసిన కాడికెల్లి ఇంట్ల ఇంకో ముచ్చట లేదు. కాని చష్మా ఉన్నోళ్లను తీసుకోరన్నరు. కాయితం మీద అట్లనే రాసి ఉండె, నేనే చదివిన. వయసు గూడ వానికి అదే ఆఖరు మోక. ఆ భర్తీ దాటితే మళ్ల వచ్చేదాంట్ల వాడు పెద్దోడైపోతడు. ఇది తొంభైల ఆఖరు ముచ్చట.

గప్పుడే లేజరు మాట మా ఇంట్లకు నేనే తెచ్చిన. మా కార్ఖాన యజమానిని మేము మాలకు అంటం, ఆయన ఇల్లు హోట్గి రోడ్డు దిక్కు. తువ్వాలల కొసలకు ముడులేసే పని ఇంటికి తెచ్చుకుంటుంటి, అవి ఇయ్యనీకి పోయిన. మాలకు బిడ్డ తలుపు తీసింది. ఆ పిల్ల చిన్నప్పటి సంది సోడాబుడ్డి అద్దాలు పెట్టుకునేది, మొఖం మీద చష్మా లేదు.

"చష్మా ఏది బిడ్డా?"

"లేజరు చేయించినం అక్కా, పుణెల. పావుగంట. కట్టు గూడ కట్టలే."

తువ్వాలలు లెక్క చూసుకోకుండనే ఉరికొచ్చిన. తమ్ముడు మూడు మాట్ల చెప్పిచ్చుకున్నడు. పావుగంటనా? నొయ్యదా? చష్మా మొత్తానికే వద్దా? మా పక్కింటి వదిన బీడీ చాట ఒళ్లె పెట్టుకొని అక్కడనే కూసున్నది. ఆమెకు తెల్వని ముచ్చట లోకంల లేదు.

"లేజరంటే వెల్డింగే గదా" అన్నది. "నిప్పురవ్వలు ఎగిరితే రెప్పలు కాలవా?"

"నీకు చేయిస్త వదినా ముందుగాల" అన్నడు తమ్ముడు. "కండ్లకు కాదు, నోటికి."

"నా నోరు మూస్తె ఈ గల్లీకి పొద్దెట్ల పోతది నాయినా" అనుకుంట ఆమె ఆకు కత్తిరించుకున్నది.

అవ్వ ఒక్కతే నవ్వలే. "సగం చూపైనా చూపే గదరా. అది గూడ పోతే?" అన్నది. మర్నాడు కార్ఖానకు పోంగ తమ్ముడు నాతోని అన్నడు, "అక్కా, సగం చూపుతోని సాంచ నడుస్తది. బస్సు నడవది."

ఊళ్లె ఒక కండ్ల డాక్టరు ఉండె, ముసలాయన, మెల్లగ మాట్లాడే మనిషి. ముందుగాల ఆయన దగ్గరకు పోయినం. ఆయన చెప్పిన మాటలు నాకు ఇప్పటికీ యాదికున్నయి. "లేజరు అందరికీ కాదు. నంబరు పెరుగుడు ఆగాలె. ఏడాదో రెండేండ్లో ఒక్క కాడ నిలబడాలె. కన్ను మిగతాదంత మంచిగుండాలె. నీది నిలబడ్డదా?"

"నిలబడ్డది సాబ్" అన్నడు తమ్ముడు, రెప్ప గూడ కొట్టకుండ.

అవ్వ ఏది పారెయ్యదు. వాని పాత చష్మాలన్ని గుడ్డల మూట కట్టి, డాక్టరుకు చూపియ్యమని నా సంచిల పెట్టింది. ఆ మూట నా ఒళ్లె ఉన్నది. బయటికి తియ్యాల్నా వద్దా? తీస్తె తమ్ముని అబద్ధం బయట పడుతది. తియ్యకపోతే డాక్టరు గుడ్డిగ నమ్ముతడు. నేను మూట విప్పిన. తమ్ముడు బల్ల కింద నా కాలు తొక్కిండు, గట్టిగనే తొక్కిండు.

ఐదు చష్మాలు ఉండె. డాక్టరు ఒక్కొక్కటి మిషిన్ల పెట్టి చూసుకుంట కాయితం మీద రాసుకున్నడు. ప్రతి చష్మాకు నంబరు పెరిగింది. అండ్ల గూడ ఇంకో నంబరు ఉంటదట, కనుగుడ్డు వంకరకు రాసేది, అది ఆఖరి రెండేండ్లల్ల మరీ పెరిగింది. ఆయన పెన్ను కింద పెట్టి తమ్ముని దిక్కు చూసిండు. కోపం లేదు ఆ చూపుల, అదే నాకు భయం పుట్టిచ్చింది.

"పుణె పోండ్రి" అన్నడు. "అక్కడ గుడ్డు ఫోటో తీస్తరు. అది చూసినంకనే ఏదన్నా అనుకోండ్రి. ఇప్పటి సంది ఆశ పెట్టుకోవద్దు."

ఆశ పెట్టుకోవద్దంటే పెట్టుకోకుండ ఉంటరా ఎవలన్న? పుణె బండిల తమ్ముడు కిటికీ కాడ కూసుండి స్టేషను పేర్లు దూరం నుంచి చదవనీకి చూసిండు. చష్మా తీసి ఒకసారి, పెట్టుకొని ఒకసారి. "ఇంక రేపటి సంది ఇట్లనే చదువుత" అంటుండె చష్మా తీసినప్పుడు. ఒక్క పేరు గూడ చదవలే.

పుణె దవాఖానల పొద్దంత పట్టింది. చుక్కల మందేసిండ్రు, గడ్డం ఒక పీట మీద పెట్టిచ్చి వెలుగు గీతల సుట్లు చూడమన్నరు. మా ముందర ఒక కాలేజీ పిల్ల ఉండె. ఆమె గుడ్డు ఫోటో కాయితం వచ్చినంక నర్సు నవ్వుకుంట "నీకు చెయ్యొచ్చు" అన్నది. ఆ పిల్ల చేతుల కాయితం నేను చూసిన, అంత ఒక్కతీరు పచ్చ రంగు, పైరు లెక్క. తరువాత తమ్ముని కాయితం వచ్చింది. కింది దిక్కు ఎర్రగ ఒక బొబ్బ ఉండె. చదువు రానోళ్లకు గూడ తెలుస్తది, ఎర్ర రంగు మంచికి ఉండదని.

డాక్టరమ్మ మమ్ములను లోపలికి పిలిచింది. వయసు నాకంటె చిన్నదే. మరాఠీల నిదానంగ చెప్పింది, నేను మధ్యల మధ్యల తెలుగుల తమ్మునికి మళ్ల చెప్పుతున్న, వానికి మరాఠీ రాదని కాదు, నాకే నిమ్మళం కావాలని.

"లేజరు కొత్త చూపు పెట్టది" అన్నది ఆమె. "కంటి ముందర అద్దం లెక్క ఒక పొర ఉంటది. దాన్ని చెక్కి సమం చేస్తది. మందం ఉన్నోళ్లకే చెక్కుడు నడుస్తది. నీ పొర ఇప్పటికే పల్చబడ్డది, మధ్యల ముందుకు ఉబ్బుతున్నది. చష్మా నంబరు మాటిమాటికి మారుడు అందుకే. దీన్ని ఇంక చెక్కితే ఇంక ఉబ్బుతది. ఉన్నది గూడ పోతది."

నాకు మా పాత దుప్పటి యాదికొచ్చింది. పోగులు జరిగి పల్చబడ్డ జాగల మనం బండ మీద ఉతికితే ఏమైతది? అక్కడనే చినుగుతది.

"ఇంకో తొవ్వ లేదా మేడం?" అన్నడు తమ్ముడు.

"గట్టి లెన్సు కంట్ల పెట్టుకోవచ్చు. దాంతోని జర మంచిగ కనబడుతది. ఇంక ఎక్కువైతే, చచ్చిపోయినోళ్ల కంటి పొర తెచ్చి కుట్టుడు ఉంటది. అది ఇప్పుడు కాదు."

"నేను దూది దుమ్ముల పనిచేస్త."

"అయితే పని మీద లెన్సు పెట్టొద్దు. నూగు కిందికి పోతే గుడ్డు గీసుకపోతది."

"పని మీద లేకపోతే ఇంకెప్పుడు పెట్టుకోవాలె, పండుకున్నప్పుడా?" అని నవ్విండు. డాక్టరమ్మ నవ్వలే. కాయితం మీద ఏదో రాసుకుంట తల ఎత్తకుండనే అడిగింది, "డోళే చోళతా కా?" కండ్లు రుద్దుకుంటవా అని.

తమ్ముడు నా దిక్కు చూసిండు. నేను నేల దిక్కు చూసిన.

ఇది చెప్పాలె. మా గల్లీల సాంచల మీదికెల్లి వచ్చిన మొగోళ్ల కండ్లు ఎర్రగ, దురద పుట్టి ఉంటయి, లోపల నూగు పడుతది. దానికి మా ఇండ్లల్ల ఒక వైద్యం. తెగిన నూలు, పనికిరాని పోగులు ఇంట్లకు తెస్తరు గదా, అది ఉండ చుట్టి, చాయ్ గిన్నె మూత మీద పెట్టి ఎచ్చగ చేస్తం. మనిషిని ఒళ్లె పండబెట్టి, రెప్పలు మూపిచ్చి, ఆ ఉండ పెట్టి అరచేతి మడిమెతోని గుండ్రంగ అదుముత ఉంటం, నీళ్లు కారేదాకా. నీళ్లతోని నూగు కొట్టుకపోతదని. ఏ ఇంట్ల చూసినా సాయంత్రం అదే. మా తమ్మునికి పదహారేండ్ల వయసు సంది అదుమింది నేనే. అవ్వ చెయ్యి మెత్తగుంటదని వానికి సాలకపోతుండె. "అక్క గట్టిగ అదుముతది, అక్కతోని చేపియ్యి" అంటుండె. పొద్దంత బీడీలు చుట్టిన చేతులు నాయి, తంబాకు పొడి గోర్లల్ల ఉంటది. కడుక్కుంటుంటి, కాని తంబాకు కడిగితే పోతదా? అదిమినంక కాసేపు మస్తు సుఖం ఉంటదట వానికి, మళ్ల దురద పుడుతదట. మళ్ల అదుముతుంటి.

నేను చెప్పిన. అంత చెప్పిన, చేత్తోని చూపిచ్చిన గూడ. డాక్టరమ్మ కుర్సీల వెనుకకు ఒరిగింది.

"ఎన్నేండ్ల సంది?"

"పదేండ్లు దాటింది."

"ఈ రోగం కొంతమందికి పుట్టుకతోనే రాసి ఉంటది" అన్నది ఆమె. "రుద్దుడు దాన్ని పెంచుతది. ఈ పొద్దుటి సంది బంద్."

"నా వల్లనేనా అయ్యింది?"

"అట్ల చెప్పలేం తాయీ."

చెప్పలేం అంటే అవునన్నట్టా కాదన్నట్టా? బండిల వచ్చేటప్పుడు అదే తిప్పుకుంట కూసున్న. తమ్ముడు జర సేపటికి అన్నడు, "నువ్వు అదమకపోతే నేనే రుద్దుకుంటుంటి, నీకంటె గట్టిగ. ఏడువకు, చీర తడుస్తది, అవ్వకు తెలుస్తది." నేను ఏడుస్తున్నట్టు వానికి చూపుతోని తెల్వలే, ముక్కు సప్పుడుతోని తెలిసింది.

ఇంటికి వచ్చినంక వాడు గల్లీల ఎవలకు చెప్పలే. పక్కింటి వదిన అడిగితే "మిషిను ఖరాబుందట, మళ్ల రమ్మన్నరు" అన్నడు. ఆమె మొదటిసారి ఇంకో మాట అడగకుండ పోయింది. భర్తీకి నింపే ఫారం మాత్రం దేవుని పటం వెనుక అట్లనే ఉంచిండు. వాని పక్క సాంచల మీద పనిచేసే జోడీదారు ఒకడు ఉండె, ఇద్దరూ ఒక్కసారే టెంపో నేర్చుకున్నరు, ఒక్కసారే ఫారం తెచ్చుకున్నరు. ఆ పిలగానికి కండ్లు మంచియి. ఒకనాడు ఆ జోడీదారు ఒక రంగు కాయితం పట్టుకొచ్చిండు. వేరే ఊళ్లె ఎవలో లేజరు క్యాంపు పెట్టిండ్రట. పొద్దుగాల పోతే సాయంత్రానికి ఇంటికట.

తమ్ముడు ఆ కాయితం నా దగ్గరికి తెచ్చిండు, అవ్వ దగ్గరికి కాదు. నేను బీడీలు కట్టలు కట్టుకుంట కూసున్న. వచ్చి ఎదురుంగ కూసున్నడు.

"ఇంట్లోళ్లు ఒకలు ఎంట రావాలెనట. సంతకం పెట్టాలె. నువ్వు రా."

"పుణె కాయితం చూపిస్తె వాళ్లు గూడ ఆ మాటనే అంటరు గదరా."

"చూపియ్యం. చష్మాల మూట గూడ తేవద్దు ఈసారి. నంబరు నిలబడ్డదని చెప్పుదాం. ఫోటోలు గీటోలు తియ్యరట అక్కడ, నంబరు చూసి చేస్తరట."

"ఫోటో తియ్యకుండ చేస్తెనే గదరా భయం."

"అక్కా" అన్నడు. గొంతు తగ్గిచ్చిండు. "నాకు రెండు నెలలు కనబడితే సాలు. బోర్డు మీది అక్షరాలు చదివి పరీక్ష పాసైత. ఆర్డరు చేతికి వస్తది. తరువాత పోతే పోనీ."

"పోయినంక బస్సెట్ల నడుపుతవ్?"

"వాళ్లే వేరే పని ఇస్తరు. సర్కారోళ్లు ఇంటికి పంపరు. డిపోల కూసోబెడుతరు, ఊడిపిస్తరు. ఏది ఇచ్చినా సాంచ కాదు గదా."

వాడు అంత ఆలోచించి పెట్టుకున్నడు. "అది మెల్లమెల్లగ పోతే?" అన్న. "పోతున్నట్టు నీకే తెల్వకుండ పోతే? బస్సుల యాభై మంది కూసుంటరు. మనసొంటోళ్లే ఉంటరు, సంకల పిల్లలతోని."

వాడు బీడీ దారం వేలికి చుట్టుకున్నడు, విప్పిండు. నేను ఏం చెప్పితే అది చేస్తడని నాకు ఎరికే. చిన్నప్పటి సంది అంతే వాడు. వద్దంటే పోడు, పొమ్మంటే పోతడు, పోయి గుడ్డోడైనా నన్ను ఒక్క మాట అనడు. అందుకే ఆ బరువు నా మీద పెట్టిండని నాకు కోపం గూడ వచ్చింది.

"నువ్వే చెప్పు అక్కా" అన్నడు. "వస్తవా రావా?"

"రాను."

"సంతకం?"

"పెట్టను."

"సరే" అన్నడు. కాయితం నాలుగు మడతలు పెట్టి అంగి జేబుల పెట్టుకున్నడు. గడప దాటంగ తలకాయ తలుపుకు తగిలింది. చష్మా ఉన్నది మొఖం మీద, అయినా తగిలింది.

నేను సరిగ్గనే చెప్పిన అని అందరూ అంటరు, తరువాత తెలిసినోళ్లు. పుణె డాక్టరమ్మ గూడ అదే అంటుండెనేమో. కాని సరిగ్గ చెప్పినోళ్లకు లోపల చల్లగ ఉంటదంటరు, నాకైతే ఏనాడు చల్లగ లేదు. భర్త ముందర ఒకసారి ఏడ్చిన. మా ఆయన "మంచిపని చేసినవ్" అని పండుకున్నడు.

భర్తీ నాడు జోడీదారు పొద్దుగాలనే ఇస్త్రీ అంగి తొడుక్కొని పోయిండు. తమ్ముడు ఎప్పటి లెక్కనే కార్ఖానకు పోయిండు. మధ్యాహ్నం అవ్వ గిన్నె కట్టిచ్చింది, పట్టుకపోయిన. కార్ఖాన లోపల చూస్తె తమ్ముడు వాని రెండు సాంచలే కాదు, జోడీదారువి రెండు గూడ నడుపుతున్నడు. పొద్దున మాలకు అడిగిండట, ఆ సాంచలు ఖాళీ ఉంటయి ఎవలన్న చూస్తరా అని. వీడే చూస్త అన్నడట. నాలుగు సాంచల నడుమ ఉరుకుతున్నడు. ఒక కాడ పోగు తెగితే బట్ట మీద మొఖం ఆనిచ్చి, కంటితోని కాదు, వేళ్లతోని వెతుకుతున్నడు. దొరికినంక అతికి, లేచేలోపల ఇంకో కాడ తెగుతున్నది.

నేను గిన్నె పైకెత్తి చూపిచ్చిన. వాడు నా దిక్కే చూసిండు గాని నన్ను చూడలే. నేను దగ్గరికి పోయి భుజం మీద చెయ్యేసిన. తల తిప్పకుండనే "అక్కడ పెట్టు" అన్నట్టు మూల దిక్కు చూపిచ్చి మూడో సాంచ దిక్కు ఉరికిండు. కాసేపు నిలబడ్డ. గిన్నె ఆ మూలకు పెట్టి, మీద నూగు పడకుండ నా కొంగు చింపి కప్పి, ఇంటికి వచ్చిన.